60 సిస్టమ్‌ల ల్యాబ్, 11 గంటలు దాటితే నెట్ రాదు: యూనివర్సిటీ కంప్యూటర్ సపోర్ట్ పని (తిరుపతి)

చంద్రగిరి_కోట | సోమవారం, ఉదయం 10:20

అందరికీ నమస్కారం. తిరుపతిలో ఒక యూనివర్సిటీ ల్యాబ్ పరిస్థితి ఇది. మొదటి అంతస్తు, 60 డెస్క్‌టాప్‌లు, 24 పోర్టుల స్విచ్‌లు (సిస్టమ్‌ల నెట్ తీగలన్నీ వచ్చి కలిసే పెట్టెలు) 3. మొదటి స్విచ్ నుంచి రెండోదానికి, రెండోదాని నుంచి మూడోదానికి గొలుసుగా కలిపి ఉన్నాయి. ఉదయం 9కి ఆన్ చేసిన సిస్టమ్‌లకు నెట్ బాగానే వస్తుంది. 11 తర్వాత రెండో బ్యాచ్‌కు ఆన్ చేసేవాటిలో పది పదిహేనింటికి 169.254తో మొదలయ్యే ఐపీ (నెట్‌వర్క్‌లో సిస్టమ్ అడ్రసు) వస్తోంది, నెట్ రాదు. రీస్టార్ట్ చేస్తే ఒకటి రెండు బాగవుతాయి, మిగతావి అట్లనే ఉంటాయి. సెమిస్టర్ ప్రాక్టికల్స్‌కు 9 రోజులే ఉంది. అన్నీ ఫార్మాట్ చేసి కొత్తగా ఎక్కించమని సలహా వచ్చింది. అంతకన్నా ముందు ఏ వరుసలో చూడాలి?

అలిపిరి_అడ్మిన్ | సోమవారం, ఉదయం 10:52

ఫార్మాట్ జోలికి పోవద్దండి. 169.254 వచ్చిందంటే ఆ సిస్టమ్ ఐపీ అడిగింది, ఎవరూ పలకలేదు, తనకు తానే ఒక నంబరు పెట్టుకుంది. సిస్టమ్‌లో రోగం లేదు. రోగం దారిలో ఉంది, లేదా ఐపీ ఇచ్చేచోట ఉంది.

నెట్ వస్తున్న సిస్టమ్ ఒకటి, రానిది ఒకటి తీసుకోండి. రెండింటిలో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ స్లాష్ ఆల్ కొట్టండి. వస్తున్నదానిలో డీహెచ్‌సీపీ సర్వర్ (సిస్టమ్‌లకు ఐపీలు పంచేది) అని ఉన్నచోట మీ ఫైర్‌వాల్ (బయటి నెట్‌కు కాపలా ఉండే పెట్టె) ఐపీయే ఉందా చూడండి. ఏ సిస్టమ్‌లోనైనా అక్కడ 192.168.0.1 లాంటిది కనిపిస్తే, ఎవరో ఇంటి వైఫై రౌటర్ తెచ్చి దాని ల్యాన్ పోర్టును గోడలోని పాయింట్‌కు గుచ్చారని అర్థం. అప్పుడు ఆ సిస్టమ్‌లోనే ఏఆర్‌పీ మైనస్ ఏ కొట్టి ఆ రౌటర్ మ్యాక్ (ప్రతి పరికరానికీ ఉండే గుర్తింపు నంబరు) రాసుకోండి. మేనేజ్డ్ స్విచ్ (లోపలి సెట్టింగ్స్ చూసి మార్చగలిగేది) అయితే మ్యాక్ అడ్రస్ టేబుల్‌లో అది ఏ పోర్టులో ఉందో దొరుకుతుంది. ఆ పోర్టు తీగ పట్టుకుని పోతే రౌటర్ ఉన్న గది వస్తుంది.

సర్వర్ మీదే అయితే పూల్ (పంచడానికి పెట్టుకున్న ఐపీల గుంపు) నిండిందేమో చూడండి. 255.255.255.0 మాస్క్ (నెట్‌వర్క్ ఎంత పెద్దదో చెప్పే నంబరు) ఉంటే మొత్తం 254 అడ్రసులు. గేట్‌వే (బయటి నెట్‌కు దారి ఇచ్చేది), ప్రింటర్లు, స్విచ్‌లకు పోగా 230 మిగిలితే ఎక్కువ. వైఫై కూడా అదే పూల్ నుంచి తింటోందా? 11 తర్వాతే వస్తోందంటే నా అనుమానం దానిమీదే.

చంద్రగిరి_కోట | సోమవారం, మధ్యాహ్నం 12:35

సర్వర్ మాదే, వేరే రౌటర్ లేదు. ఫైర్‌వాల్‌లో చూస్తే పూల్ 100 శాతం నిండి ఉంది. కారిడార్‌లో కొత్తగా పెట్టిన 4 యాక్సెస్ పాయింట్లు (వైఫై ఇచ్చే పెట్టెలు) కూడా అదే నెట్‌వర్క్‌లో ఉన్నాయి. లీజు 8 రోజులు. ఇప్పటికి 60 సిస్టమ్‌లకూ చేత్తో ఐపీ ఇచ్చేస్తే సరిపోతుందా?

అలిపిరి_అడ్మిన్ | సోమవారం, మధ్యాహ్నం 1:10

దొరికింది. 8 రోజుల లీజంటే, కారిడార్‌లో ఐదు నిమిషాలు నిలబడి పోయిన ఫోను కూడా 8 రోజులు ఒక ఐపీని పట్టుకుని ఉంటుంది. పైగా ఆండ్రాయిడ్ 10, ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు అసలు మ్యాక్ చూపించవు. ఒక్కో వైఫై పేరుకు ఒక్కో వేరే మ్యాక్ పెట్టుకుంటాయి. రెండు వైఫై పేర్లకు కలిసిన ఒక్క ఫోను రెండు ఐపీలు తినేస్తుంది. 9కి ఆన్ అయిన సిస్టమ్‌లకు ముందే దక్కింది, 11కి వచ్చినవాటికి మిగల్లేదు, అంతే.

అసలు మందు వీల్యాన్ (అవే స్విచ్‌ల మీద వేరువేరు నెట్‌వర్క్‌లు) విడదీయడం. ల్యాబ్‌కు ఒకటి, వైఫైకి ఒకటి. వైఫైకి 255.255.252.0 మాస్క్ ఇస్తే 1022 అడ్రసులు వస్తాయి, లీజు 1 లేక 2 గంటలు పెట్టండి. ల్యాబ్‌కు 254 ధారాళం, లీజు 8 గంటలు. యాక్సెస్ పాయింట్ ఉన్న స్విచ్ పోర్టులో ట్రంక్ (ఒకే తీగలో రెండు వీల్యాన్‌లూ పోయే సెట్టింగ్) పెట్టడం మరిచిపోతే వైఫై మొత్తం ఆగిపోతుంది. కాబట్టి సాయంత్రం క్లాసులు అయ్యాక చేయండి, స్విచ్ కాన్ఫిగరేషన్ ముందే బ్యాకప్ తీసి పెట్టుకోండి.

చేత్తో ఐపీ వద్దు. పూల్ లోపలి నంబరును చేత్తో ఇస్తే సర్వర్‌కు ఆ సంగతి తెలియదు, అదే నంబరును ఇంకొకరికి ఇచ్చి ఇద్దరినీ పడగొడుతుంది.

పుత్తూరు_ల్యాబ్ | సోమవారం, మధ్యాహ్నం 2:25

అడ్మిన్ గారూ, ఇక్కడ నాది వేరే మాట. పరీక్షల ల్యాబ్‌కు ఫిక్స్‌డ్ ఐపీ ఉండాల్సిందే. ఆన్‌లైన్ పరీక్ష మధ్యలో ఐపీ మారితే కొన్ని సాఫ్ట్‌వేర్‌లు విద్యార్థిని బయటికి తోసేస్తాయి. ఎవరు ఏ సీట్లో కూర్చున్నారో ఐపీని బట్టే చెప్పాల్సి వస్తుంది. పూల్‌ను 101 నుంచి మొదలుపెట్టి, 11 నుంచి 70 వరకు సిస్టమ్‌లకు ఇచ్చి, సీటు నంబరుకు 10 కలిపితే ఐపీ చివరి సంఖ్య వచ్చేలా పెడితే రిజిస్టర్ కూడా అక్కర్లేదు.

అలిపిరి_అడ్మిన్ | సోమవారం, మధ్యాహ్నం 2:40

సీటుకో నంబరు అనేది మంచి పద్ధతే మేడం, కాదనను. దాన్నే డీహెచ్‌సీపీ రిజర్వేషన్‌లో (ఫలానా మ్యాక్‌కు ఎప్పుడూ ఇదే ఐపీ అని సర్వర్‌లో రాసిపెట్టడం) పెట్టండి. 60 మ్యాక్‌లు ఒక్కసారి ఎక్కిస్తే చాలు. రేపు గేట్‌వే మారినా, డీఎన్ఎస్ (సైటు పేరుకు ఐపీ చెప్పేది) మారినా సర్వర్‌లో ఒకచోట మారిస్తే సరి. చేత్తో ఇస్తే 60 కుర్చీలూ తిరగాలి.

క్రింపింగ్_టూల్ | సోమవారం, సాయంత్రం 6:15

ఐపీ సంగతి తేలింది గానీ, 3 స్విచ్‌లు గొలుసుగా ఉన్నాయన్నారే, దాన్ని కూడా ఈ వారమే సరిచేయాల. మధ్య స్విచ్ ఆగితే మూడోది కూడా పోతుంది. మొదటి స్విచ్ నుంచి మిగతా రెండింటికీ నేరుగా ఒక్కో తీగ వేయండి. గిగాబిట్ పోర్టులుంటే అప్‌లింక్‌కు (స్విచ్‌ను పై స్విచ్‌కు కలిపే తీగకు) అవే వాడాల.

ప్రతి సిస్టమ్‌లో నెట్‌వర్క్ కార్డు స్టేటస్ తెరిచి స్పీడ్ చూడండి. కార్డు, స్విచ్ రెండూ గిగాబిట్ అయ్యుండి 100 ఎంబీపీఎస్ చూపిస్తే, ఎనిమిది తీగల్లో ఒకటి తగలడం లేదని లెక్క. 100కి 1, 2, 3, 6 పిన్నులు చాలు. గిగాబిట్‌కు నాలుగు జతలూ కావాల. కాబట్టి నీలం జతో, గోధుమ రంగు జతో తెగినా నెట్ వస్తానే ఉంటుంది, వేగం మాత్రం పదో వంతు అవుతుంది. ఎవరికీ అనుమానం రాదు.

కనెక్టర్‌లో తీగలు పెట్టే బీ రకం వరుస: తెలుపు నారింజ, నారింజ, తెలుపు ఆకుపచ్చ, నీలం, తెలుపు నీలం, ఆకుపచ్చ, తెలుపు గోధుమ, గోధుమ. రెండు పక్కలా ఇదే. మెలికలు 13 మిల్లీమీటర్లకు మించి విప్పకూడదు. పైతొక్క కనెక్టర్ లోపలికి దూరి బిగుసుకోవాల, లేకుంటే ఎవరి కాలో తగిలిన ప్రతిసారీ తీగ లూజవుతుంది. పొడవు మొత్తం 100 మీటర్లు. గోడలో 90, రెండు చివర్ల ప్యాచ్ తీగలకు 10.

ఇంకొకటి. కేబుల్ కొనే ఇండెంట్‌లో (కావాల్సినవి అడిగే కాగితంలో) ‘క్యాట్6, 23 ఏడబ్ల్యూజీ (తీగ మందం), పూర్తి రాగి’ అని రాయండి. రాయకుంటే అందరికన్నా తక్కువ కోట్ చేసినాయన రాగి పూత పూసిన అల్యూమినియం తీగ తెచ్చి ఇస్తాడు. బ్లేడుతో గీకితే లోపల తెల్లగా కనిపిస్తుంది. అది విరిగిపోతుంది, యాక్సెస్ పాయింట్‌కు తీగలోనే కరెంటు పంపేచోట వేడెక్కుతుంది కూడా. పెట్టె 305 మీటర్లు. దించుకునేటప్పుడే ఒక చివర గీకి చూసి స్టాక్ రిజిస్టర్‌లో ఎక్కించాల.

కరకంబాడి_రోడ్ | సోమవారం, సాయంత్రం 6:50

టూల్ అన్నా, లూప్ గురించి కూడా చెప్పండి. మా పక్క ఎక్కువగా వచ్చేది అదే.

క్రింపింగ్_టూల్ | సోమవారం, రాత్రి 7:05

అవును తమ్ముడూ. ఊడ్చేవాళ్లో, సిస్టమ్ జరిపినవాళ్లో కిందపడిన ప్యాచ్ తీగ రెండో చివరను ఖాళీగా ఉన్న ఇంకో పాయింట్‌లో గుచ్చేస్తారు. స్విచ్ మీద లైట్లన్నీ ఒకే తాళంలో వేగంగా కొట్టుకుంటాయి, నెట్ మొత్తం చచ్చిపోతుంది. ముందు అప్‌లింక్ పీకండి, మిగతా బిల్డింగ్ బతుకుతుంది. తర్వాత ఒక్కో తీగ పీకుతా పోతే, ఏది తీసినప్పుడు లైట్లు నెమ్మదిస్తాయో అదే దొంగ. మేనేజ్డ్ స్విచ్‌లో స్పానింగ్ ట్రీ (లూప్‌ను పసిగట్టి ఆపేది) ఆన్ చేసి, సిస్టమ్‌లు కలిసే పోర్టులకు బీపీడీయూ గార్డ్ పెడితే లూప్ పడిన ఆ పోర్టు ఒక్కటే మూసుకుంటుంది. డీహెచ్‌సీపీ స్నూపింగ్ (మన సర్వర్ కానిది ఐపీలు పంచితే అడ్డుకునేది) కూడా పెడితే, అడ్మిన్ చెప్పిన ఇంటి రౌటర్ బెడద పూర్తిగా పోతుంది.

రేణిగుంట_యూపీఎస్ | సోమవారం, రాత్రి 8:30

పరీక్షలంటున్నారు కాబట్టి కరెంటు లెక్క కూడా చూసుకోండి. ఎల్ఈడీ మానిటర్‌తో కలిపి ఒక్కో డెస్క్‌టాప్‌కు 100 వాట్లు వేసుకుంటే 60కి 6 కిలోవాట్లు. 10 కేవీఏ యూపీఎస్ పవర్ ఫ్యాక్టర్ 0.8 అయితే 8 కిలోవాట్లు ఇస్తుంది, సరిపోతుంది. 12 వోల్టులు, 42 ఏహెచ్ (ఆంపియర్ అవర్) బ్యాటరీలు 16 ఉంటే కాగితం మీద 8 యూనిట్లు, అంటే గంటా 20 నిమిషాలు రావాలి. రాదు. ఇంత లోడ్‌ను ఇంత వేగంగా లాగితే బ్యాటరీ తన పూర్తి సామర్థ్యం ఇవ్వదు, ఇన్వర్టర్‌లో కొంత పోతుంది. కొత్త బ్యాటరీలకే 40 నిమిషాల చుట్టుపక్కల అనుకోండి. మూడేళ్లు దాటినవైతే చెప్పలేం. తిరుపతి ఎండల్లో ఏసీ లేని గదిలో పెడితే ఇంకా ముందే పోతాయి.

పరీక్షించేది ఇలా. సిస్టమ్‌లన్నీ ఆన్ చేసి, మెయిన్ ఆపి, 10 నిమిషాలకు ఒక్కో బ్యాటరీ వోల్టేజీ మీటర్‌తో చూడండి. మిగతావి 12 దగ్గర ఉండి ఒకటి 10.5కి పడిపోతే అది చచ్చినట్టే. వరుసలో ఉన్నవి కాబట్టి అది ఒక్కటే బ్యాంకు మొత్తాన్ని ముంచుతుంది. లేజర్ ప్రింటర్లు యూపీఎస్ మీద పెట్టొద్దు. ఫ్యూజర్ (పొడిని కాగితానికి అంటించే వేడి భాగం) వేడెక్కే క్షణంలో లోడ్ ఎగిరి యూపీఎస్ ట్రిప్ అవుతుంది, పరీక్ష మధ్యలో 60 సిస్టమ్‌లూ ఆరిపోతాయి.

న్యూట్రల్‌కు, ఎర్త్‌కు మధ్య వోల్టేజీ కొలవండి. 2 లోపు ఉంటే మేలు, 5 దాటితే ఎలక్ట్రీషియన్‌ను పిలవాల్సిందే. క్యాబినెట్ తాకితే జిల్లుమంటోందని పిల్లలు చెప్పేది దీని గురించే.

ఒక భవనం నుంచి ఇంకో భవనానికి రాగి తీగ వేసి ఉంటే తీసేసి ఫైబర్ వేయించండి. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా మనకు ఈశాన్య రుతుపవనాల వానలు. దగ్గర్లో పిడుగు పడితే రెండు భవనాల ఎర్త్‌ల మధ్య తేడా ఆ తీగ గుండానే పారి, రెండు పక్కలా స్విచ్ పోర్టులు కాలిపోతాయి. ఫైబర్‌లో కరెంటు పారదు. డాబా మీద వేసే ఫైబర్‌ను జీఐ పైపులో వేయాలి. కొండ పక్క క్యాంపస్‌లకు కోతులొస్తాయి, పీవీసీ పైపును కొరికేస్తాయి.

మూల్యాంకనం | మంగళవారం, ఉదయం 9:40

పరీక్షల విభాగం పక్క నుంచి కొన్ని మాటలు. ల్యాబ్ ఎంత బాగున్నా, ప్రశ్నపత్రం ప్రింట్ కాకపోతే అంతా ఆగిపోతుంది. పరీక్షకు కొద్దిసేపు ముందు పీడీఎఫ్ దించుకుని ప్రింట్ తీసే పద్ధతిలో తప్పు జరిగేచోట్లు ఇవి.

తెలుగు పత్రాలు చాలావరకు పేజ్‌మేకర్‌లో (పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్) అను ఫాంట్లతో తయారవుతున్నాయి. అను యూనికోడ్ (ప్రతి తెలుగు అక్షరానికీ అన్ని సిస్టమ్‌లలో ఒకే నంబరు ఉండే పద్ధతి) కాదు. ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ఆకారాలు కూర్చిన ఫాంట్ అది. ఆ ఫాంట్ లేని సిస్టమ్‌లో ఫైలు తెరిస్తే అర్థంకాని గుర్తులే కనిపిస్తాయి. వర్డ్ ఫైలు, పేజ్‌మేకర్ ఫైలు పంపకండి. పీడీఎఫ్ చేసి, ఫైల్ ప్రాపర్టీస్‌లో ఫాంట్స్ ట్యాబ్ తెరిచి, ప్రతి ఫాంట్ పక్కన ఎంబెడెడ్ (ఫాంట్ ఫైలులోనే ఉంది) అని ఉందో లేదో చూసి పంపండి. స్క్రీన్ మీద బాగుండి కాగితం మీద వత్తులు పక్కకు జరిగితే, ప్రింట్ విండోలో అడ్వాన్స్డ్ లోకి వెళ్లి ప్రింట్ యాజ్ ఇమేజ్ పెట్టండి. నెమ్మదిగా వస్తుంది గానీ సరిగ్గా వస్తుంది.

లేజర్ ప్రింటర్ 12ఏ కార్ట్రిడ్జ్ సుమారు 2000 పేజీలు వస్తుందనేది పేజీలో 5 శాతం నలుపు ఉంటుందన్న లెక్క మీద. తెలుగు ప్రశ్నపత్రం, పట్టికలు ఉంటే అంతకన్నా బాగా తక్కువ వస్తుంది. 300 మందికి రెండేసి పేజీలంటే 600. రీఫిల్ కాకుండా కొత్త కార్ట్రిడ్జ్ ఒకటి, రెండో ప్రింటర్ ఒకటి పక్కన ఉండాలి. ట్రయల్ ప్రింట్‌కు పాత పత్రం వాడండి.

అయిపోయాక పీడీఎఫ్ డిలీట్ చేస్తే చాలదు. డౌన్‌లోడ్స్, రీసైకిల్ బిన్, ప్రింట్ క్యూ చూడండి. పెద్ద జిరాక్స్ మిషన్లలో హార్డ్ డిస్క్ ఉంటుంది, తీసిన కాపీల బొమ్మలు అందులో ఉండిపోవచ్చు. దాన్ని తుడిచే సెట్టింగ్ ఆన్ చేయించండి. మిషన్ పనికిరాదని కండెమ్ చేసి పంపేటప్పుడు ఆ డిస్క్ బయటికి పోకూడదు.

కరకంబాడి_రోడ్ | మంగళవారం, ఉదయం 10:05

మేడం, యూనికోడ్‌కు మార్చేస్తే ఈ బాధ ఉండదు కదా?

మూల్యాంకనం | మంగళవారం, ఉదయం 10:30

కొత్త పత్రాలు యూనికోడ్‌లోనే మొదలుపెట్టమని నేనూ చెబుతాను. విండోస్‌లో లాంగ్వేజ్ సెట్టింగ్స్‌లో తెలుగు చేర్చితే ఇన్‌స్క్రిప్ట్, ఫొనెటిక్ (ఇంగ్లిష్ అక్షరాలతో పలికినట్టు కొట్టేది) కీబోర్డులు రెండూ పెట్టుకోవచ్చు, విండోస్ కీ, స్పేస్ కలిపి కొడితే మారుతుంది. కానీ ఇరవై ఏళ్లుగా అను కీబోర్డులో వేళ్లు అలవాటైన డీటీపీ ఆపరేటర్‌ను పరీక్షల నెలలో మార్చమంటే జరగదు. సెలవుల్లో మొదలుపెట్టాలి. కన్వర్టర్‌తో మార్చిన పాత ఫైళ్లలో వత్తులు, సున్నలు, అంకెలు మనిషి కూర్చుని చదివి దిద్దాల్సిందే.

ఇంకో చిక్కు. గౌతమి ఫాంట్‌లో చేసిన పాత యూనికోడ్ ఫైళ్లు కొత్త సిస్టమ్‌లో పేజీలు మారిపోతాయి. విండోస్ 10 నుంచి గౌతమి, వాణి ముందుగా రావు. ఆప్షనల్ ఫీచర్స్‌లో తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ అని ఉంటుంది, అది ఎక్కించాలి.

పుత్తూరు_ల్యాబ్ | మంగళవారం, ఉదయం 11:15

ఆ 60 సిస్టమ్‌లు ఏ విండోస్? 10 అయితే 2025 అక్టోబర్ 14తో ఉచిత సపోర్ట్ అయిపోయింది. విండోస్ 11కి టీపీఎం 2.0 (భద్రతా చిప్), సెక్యూర్ బూట్, 4 జీబీ ర్యామ్, 64 జీబీ డిస్క్ కావాలి. ఇంటెల్ అయితే దాదాపు 8వ తరం నుంచే. అడ్డదారిలో ఎక్కించేవాళ్లున్నారు, తర్వాత అప్‌డేట్లు వస్తాయన్న హామీ ఉండదు. విద్యాసంస్థలకు అదనపు భద్రతా అప్‌డేట్లు ఒక్కో సిస్టమ్‌కు మొదటి ఏడాది 1 డాలర్, రెండో ఏడాది 2, మూడో ఏడాది 4కి ఇస్తున్నారు. కొత్తవి కొనేదాకా అదే దారి. సీ, పైథాన్ ల్యాబ్ మాత్రమే అయితే ఉబుంటు వేయండి.

చంద్రగిరి_కోట | మంగళవారం, మధ్యాహ్నం 1:20

40 సిస్టమ్‌లు 6వ తరం ఐ3, విండోస్ 10. హార్డ్ డిస్క్‌లే ఉన్నాయి, ఆన్ అవడానికి ఐదారు నిమిషాలు. ఇంకో ఆరు సిస్టమ్‌లలో తేదీ వెనక్కి పోతోంది, బ్రౌజర్‌లో ఏ సైటూ తెరుచుకోదు.

పుత్తూరు_ల్యాబ్ | మంగళవారం, మధ్యాహ్నం 1:45

ఆ ఆరింటికీ మదర్‌బోర్డు మీద సీఆర్2032 సెల్ మార్చండి. 3 వోల్టులు ఉండాలి. తేదీ తప్పితే సైటు సర్టిఫికెట్ చెల్లదని బ్రౌజర్ అడ్డుకుంటుంది. నెట్ లేదని ఫిర్యాదు వస్తుంది గానీ నెట్‌కు సంబంధం లేదు. సెల్ మార్చాక బయోస్‌లో (విండోస్ కన్నా ముందు లేచే మదర్‌బోర్డు సెట్టింగ్స్) తేదీతోపాటు బూట్ మోడ్ కూడా చూడండి, అది మొదటికి మారిపోయి విండోస్ లేవకపోవచ్చు.

40కి 256 జీబీ సాటా ఎస్ఎస్‌డీ వేయిస్తే నిమిషం లోపే లేస్తాయి. ర్యామ్ కొనేముందు ఒక మూత విప్పి డీడీఆర్3నా 4నా చూడండి, 6వ తరంలో రెండు రకాల బోర్డులూ ఉన్నాయి, ఒకటి ఇంకోదానిలో పట్టదు. ఒకే మోడల్ సిస్టమ్‌లు అయితే ఒకదాన్ని శుభ్రంగా తయారుచేసి సిస్‌ప్రెప్ (విండోస్‌ను నకలు తీయడానికి సిద్ధం చేసేది) కొట్టి, దాని ఇమేజ్ (డిస్క్ నకలు) తీసి, క్లోన్‌జిల్లా మల్టీకాస్ట్‌తో (అన్నింటికీ ఒకేసారి పంపడం) మిగతావాటికి ఎక్కించండి. 40 జీబీ ఇమేజ్‌కు 100 ఎంబీపీఎస్‌లో గంట దగ్గర పడుతుంది. మల్టీకాస్ట్‌లో అందరూ నెమ్మదైనవాడి కోసం ఆగుతారు. టూల్ గారు చెప్పిన తెగిన జత ఒక్క సిస్టమ్‌కు ఉన్నా మిగతా 39కీ అదే వేగం. కాబట్టి ముందు తీగలు, తర్వాత ఇమేజ్.

అలిపిరి_అడ్మిన్ | మంగళవారం, మధ్యాహ్నం 2:30

ల్యాబ్ సిస్టమ్‌లకు ఇమేజ్ సరే. అదే పద్ధతి డిపార్ట్‌మెంట్లలో, ప్రొఫెసర్ల గదుల్లో వద్దు. అక్కడ డెస్క్‌టాప్ మీద, సీ డ్రైవ్‌లో, ఎక్కడా బ్యాకప్ లేని పీహెచ్‌డీ థీసిస్ ఉంటుంది, నాలుగేళ్ల డేటా ఉంటుంది. ‘డీ డ్రైవ్‌లో పెట్టుకున్నాను’ అన్నా కళ్లతో చూశాకే ముట్టుకోండి. బిట్‌లాకర్ (విండోస్ డిస్క్‌కు వేసే తాళం) ఉంటే రికవరీ కీ కాగితం మీద రాసుకోకుండా బయోస్‌లో ఏమీ మార్చకండి. పాత డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ వేస్తే, ఆ పాత డిస్క్ మీద పేరు, తేదీ స్టిక్కర్ వేసి కనీసం ఒక సెమిస్టర్ బీరువాలో ఉంచండి.

చంద్రగిరి_కోట | శుక్రవారం, సాయంత్రం 5:50

బుధవారం సాయంత్రం వీల్యాన్ విడదీసి, 60 మ్యాక్‌లూ రిజర్వేషన్‌లో పెట్టడం అయింది. సీటు నంబరుకు 10 కలిపే పద్ధతే. నిన్న, ఈరోజు 11 గంటల బ్యాచ్‌లో ఒక్క సిస్టమ్‌కు కూడా 169.254 రాలేదు. స్పీడ్ చూస్తే 7 సిస్టమ్‌లు 100లో ఉన్నాయి, ఐదింటికి కనెక్టర్లు మళ్లీ వేస్తే గిగాబిట్‌కు వచ్చాయి. ఆరు సెల్‌లూ మార్చాం. బ్యాటరీలు 16లో రెండు 10.4కి పడిపోయాయి. ఆ రెండే మార్చవచ్చా, మొత్తం మార్చాలా?

రేణిగుంట_యూపీఎస్ | శుక్రవారం, సాయంత్రం 6:20

బ్యాంకు వేసి ఏడాది లోపైతే రెండే మార్చండి, అదే కంపెనీ, అదే ఏహెచ్ ఉండాలి. రెండేళ్లు దాటితే కొత్తవాటిని పాతవి తినేస్తాయి, పాతవి సరిగా నిండవు, 16కీ ఇండెంట్ పెట్టండి. పాతవి తూకానికి అమ్మకుండా ఎక్స్ఛేంజ్‌లో తిరిగి ఇచ్చినట్టు బిల్లులో రాయించండి, ఆడిట్‌లో అడుగుతారు. పరీక్షలోపు రాకపోతే ఆ రోజుకు జనరేటర్ డీజిల్ చూసుకుని, ఏసీ యూపీఎస్ లైన్ మీద లేదని ఒకసారి తేల్చుకోండి.

క్రింపింగ్_టూల్ | శుక్రవారం, సాయంత్రం 6:45

మిగిలిన రెండు సిస్టమ్‌లకు గోడ లోపలి జాక్ విప్పి చూడండి. కనెక్టర్ మార్చినా 100లోనే ఉంటే జాస్తిగా జాక్ వెనక పంచ్ చేసిన చోటే నీలం తీగ ఊడి ఉంటుంది.